పక్క మంచం మెసేజీ

ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో ఆమెను అందరూ గంటమ్మ అనేవారు. వార్డుల్లో నర్సులు ఎక్కించే వివరాలన్నీ ఒకచోటికి చేరి, అక్కణ్ణుంచి రోగుల ఇంటివాళ్ళకు మెసేజీలుగా వెళ్ళే ఏర్పాటంతా ఆమె చేతి పనే. దారిలో ఎక్కడ తేడా వచ్చినా ఆ గదిలోని నలుగురి ఫోన్లూ టింగుమనేలా చేసిందీ ఆమే. అందుకే ఆ పేరు. మొదట్లో ఉడుక్కునేది, తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

ఆ రోజు ఉదయమంతా మీటింగుతోనే సరిపోయింది. తిరిగొచ్చి, సొరుగులో పెట్టిన ఫోను తీసి చూస్తే తమ ఆసుపత్రి నుంచే మెసేజీ.

'మీ రోగి ఈ ఉదయం మరణించారని తెలియజేయడానికి విచారిస్తున్నాం. దయచేసి వార్డుకు రండి.'

ఆ వాక్యం ఆమె రాసిందే. నాన్న పై అంతస్తులో ఉన్నాడు. హెర్నియా ఆపరేషన్ అయింది, రేపో మాపో ఇంటికి పంపిస్తామన్నారు. పొద్దున వచ్చేటప్పుడు దుప్పటి గరుగ్గా ఉందని సణుగుతుంటే, "సణుగుడు ఆపు నాన్నా" అని విసుక్కుని మరీ వచ్చింది.

నాన్నకు ఫోన్ చేసింది. స్విచాఫ్. పక్క సీటు కుర్రవాడు ఏదో అడుగుతున్నా వినకుండా మెట్లవైపు పరుగెత్తింది. ఒక చెప్పు ఊడిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

వార్డు తలుపు తోసేసరికి నాన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నర్సుతో తగువు పెట్టుకుంటున్నాడు.

"గడ్డం గీయించమంటే ఎవరూ పలకరేంటమ్మా? పోతే పోతాను గానీ, ఈ మొహంతో మాత్రం పోను."

గంటమ్మ ఆయన భుజం పట్టుకుని, మెడ తడిమి, చెయ్యి తడిమి, గుడ్లప్పగించి చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటే? దెయ్యాన్ని చూసినట్టు చూస్తావ్? ఫోనులో చార్జింగ్ అయిపోయింది, అంతే."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. నాన్న బతికే ఉన్నాడు. మరి ఆ మెసేజీ ఎవరిది?

పక్క మంచం ఖాళీగా ఉంది. పరుపు తీసేశారు.

"సిస్టర్, ఈ మంచం మీదాయన?"

నర్సు గొంతు తగ్గించింది. "ఆ బస్సు డ్రైవరు గారా? తెల్లారాక పోయారు మేడమ్. ఉన్నట్టుండి గుండె ఆగింది. వాళ్ళావిడకు డాక్టరు గారు ఎన్నిసార్లు ఫోన్ చేసినా లైను బిజీ వస్తోంది."

గంటమ్మ ఫోనులో జట్టు గ్రూపు తెరిచింది. పొద్దున్నే గంట మోగే ఉంది. 'పేర్లకూ ఫోను నంబర్లకూ పొంతన కుదరడం లేదు.' దాని కింద 'చూశాం' అన్నట్టు నాలుగు బొటనవేళ్ళ గుర్తులు. ఎవరికి వాళ్ళు ఇంకొకరు చూస్తున్నారులే అనుకుని వేలు చూపించి ఊరుకున్నారు. ఆ నాలుగింట్లో ఒకటి మీటింగుకు వెళ్తూ, ఫోను సొరుగులో పడేసేముందు ఆమె పెట్టిందే. అంటే పట్టికలో నంబర్ల వరుస ఒక గడి కిందికి జారింది. ఒకరి కబురు పక్కవాళ్ళింటికి వెళ్ళింది. గోప్యత కోసమని మెసేజీలో పేరు వద్దని పట్టుబట్టింది కూడా తనే. తేడా వస్తే గంట మోగేలా చేసింది గానీ, మెసేజీలు ఆగేలా చేయలేదు.

కుర్రవాడికి ఫోన్ చేసింది. "మెసేజీలన్నీ ఆపెయ్, ఇప్పుడే. పొద్దున వెళ్ళిన ప్రతి ఇంటికీ మన మనుషులే ఫోన్ చెయ్యాలి. ఆ డ్రైవరు గారింటికి ఏం వెళ్ళిందో చూసి చెప్పు."

కాసేపటికి కుర్రవాడు తిరిగి ఫోన్ చేశాడు. "అక్కా... 'మీ రోగి పూర్తిగా కోలుకున్నారు, ఇంటికి తీసుకెళ్ళవచ్చు' అని వెళ్ళింది."

ఆమె కిందికి దిగేసరికి డిశ్చార్జి కౌంటరు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చేతిసంచిలోంచి ఇస్త్రీ చొక్కా మడత కనిపిస్తోంది. కౌంటరులో మనిషి కంప్యూటరు వైపే చూస్తున్నాడు, తల ఎత్తడం లేదు.

"డ్రైవరు గారి ఇంట్లోవాళ్ళా అమ్మా?"

"అవునమ్మా. తీసుకెళ్ళమని మెసేజీ పెట్టారుగా. ఈయనేమో ఆగమంటున్నాడు."

గంటమ్మ ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఇంకొకరు వచ్చి చెబుతారని చూడలేదు.

"అమ్మా, ఆ మెసేజీ తప్పు. వేరేవాళ్ళది మీకొచ్చింది. డ్రైవరు గారు పొద్దున పోయారు."

ఆవిడ ఏడవలేదు. ఫోను తీసి, మెసేజీ ఆమె కళ్ళముందు పెట్టింది.

"లేదమ్మా. చూడు, కోలుకున్నారనుంది. మీ ఆసుపత్రి పేరే ఉంది."

"అది రాసింది నేనే అమ్మా. పంపింది మా మిషను. తప్పు మాది."

ఆవిడ ఆ అక్షరాలకేసి, గంటమ్మ మొహంకేసి మార్చి మార్చి చూసింది.

"వీధంతా చెప్పాను. అక్కకు చెప్పాను, వదినకు చెప్పాను. పొద్దుట్నుంచీ ఫోను పెడితే ఒట్టు."

లైను ఎందుకు బిజీగా ఉందో గంటమ్మకు అప్పుడు తెలిసింది.

ఆయన్ను చూపించేటప్పుడు గంటమ్మ ఆవిడ పక్కనే ఉంది. ఇస్త్రీ చొక్కా తొడగడానికి నర్సుతోపాటు తానూ ఓ చెయ్యి వేసింది. సాయంత్రం ఆయన్ను ఇంటికి తీసుకెళ్ళే ఆసుపత్రి బండిలో గంటమ్మా ఎక్కింది. వాళ్ళ వీధి మలుపు తిరిగేముందు ఆవిడ బండి ఆపమంది.

"అందరూ ఎదురుచూస్తుంటారు. నేను చెప్పలేనమ్మా."

"నేను చెబుతాను" అంది గంటమ్మ.

మొదటి ఇంటి గడపలో ఒక ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బండి చూడగానే మొహం విప్పారింది. "వచ్చేశాడా మావాడు?" అంటూ చేతికర్ర అందుకున్నాడు. గంటమ్మ దిగి, గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఎదురింటి తలుపు తట్టింది. ఆ వీధిలో ఇంకా చాలా ఇళ్ళున్నాయి.