గంజి దారం

దాజీ పేట్‌లో పవర్‌లూమ్‌ల చప్పుడు మొదలయ్యేసరికే అంబాదాస్ కారు కింద దూరాడు. గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, ఇంజన్ అడుగును బొటనవేలితో తుడిచి చూశాడు. మళ్లీ నూనె. ఛీ, డెబ్బై ఏళ్లొచ్చాక ఇదేం ఖర్మ!

కారు యాభై ఆరు మోడల్‌ది. నాలుగు నెలలు కూర్చుని ఇంజన్‌ను ముక్కముక్కా విప్పి మళ్లీ కట్టింది అంబాదాసే. ఆ తర్వాత రెండుసార్లు నూనె కారుతోందని వెనక్కొచ్చింది. ఈ సాయంత్రం ఐదింటికి యజమాని ప్రతీక్ వస్తాడు. ఇంకోసారి కారితే పుణె పంపిస్తానని నిన్న మొహం మీదే అనేశాడు. తను పట్టిన బండి యాభై ఏళ్లలో ఇంకొకరి చేతికి పోలేదని చెప్పుకునే మనిషికి తల తీసేసినట్టయింది.

ఆయిల్ చాంబర్ విప్పాడు. క్రాంక్ వెనకాల నూనె బయటికి రాకుండా చుట్టే తాడును లాగాడు. అలాంటిది ఇప్పుడు బజారులో దొరకదు. పక్కింటి మగ్గం నుంచి నూలు తెచ్చి తనే జడలా అల్లి వేసిందే ఇది. తాడు ఎక్కడా తెగలేదు, అరగలేదు. మరెందుకు కారుతోంది? కోపం పట్టలేక గుమ్మంలోకి విసిరేశాడు.

అది బీడీలు చుడుతున్న గంగుబాయి ఒళ్లో పడింది. మొగుడని ఊరుకునే రకం కాదామె.

“నా తంబాకు మొత్తం ఖరాబ్ చేసినవ్!” అంటూనే తాడును వేళ్ల మధ్య నలిపింది. “ఏందిది, పడుగు దారమా?”

“దారమే గదా. ఏదైతేంది?”

“ఏదైతేందా! పడుగుకు గంజి పెడ్తరు. గంజి దారం నూనె పీల్చి ఉబ్బుతదా, సందు మూస్తదా? సాలోల ఇంట్ల పుట్టి గింత ఎరుక లేదా? పేక దారం కావాలె.”

అంబాదాస్‌కెలా తెలుస్తుంది? పదిహేనేళ్లకే మగ్గం మీద అలిగి వర్క్‌షాపుకు పారిపోయినవాడు మరి.

“అయితే నువ్వే అల్లు,” అన్నాడు నవ్వుతూ.

ఆమె బీడీల చాట పక్కకు నెట్టి అల్లి ఇచ్చింది. మధ్యాహ్నం దాకా దాన్ని వేడి నూనెలో నానబెట్టి, అతికినట్టు కూర్చి, చాంబర్ బిగించాడు. తర్వాత అరగంట ఇంజన్ నడిపించి ఆపాడు. బయటికొచ్చేసరికి ఆయాసం. అయినా లోపలికెళ్లి కొత్త తెల్ల తువ్వాలొకటి తెచ్చి ఇంజన్ కింద పరిచాడు.

“అయ్యో, కొత్తది! మరక పడ్తది.”

“పడదు. చాయ్ పెట్టు.”

గోడకానుకుని కూర్చున్నాడు. గంగుబాయి చాయ్ తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. నిద్రనుకుని భుజం తట్టింది. యాభై ఏళ్ల కాపురంలో ఎన్నడూ పలకని పేరు పెట్టి పిలిచింది. అతను లేవలేదు.

ఐదింటికి ప్రతీక్ వచ్చేసరికి వాకిలి నిండా జనం. చెప్పులు విడిచి గుమ్మం దాకా వచ్చాడు.

“కింద చూడు బిడ్డా,” అంది గంగుబాయి ఏడుస్తూనే. “చూసినంకనే పో.”

అతను మోకాళ్ల మీద వంగాడు. ఇంజన్ కింద తువ్వాలు తెల్లగా, మడతల గీతలతో సహా, అంబాదాస్ ఎలా పరిచాడో అలాగే ఉంది.