అబద్ధం నిలవని నల్లబల్ల

పొద్దున్నే చాయ్ తాగి దేవానందం సారు నల్లబల్ల తుడవడం, కింద రాలిన సుద్దపొడిని భార్య కాంతమణి గొణుక్కుంటూ ఊడవడం మల్కాజ్‌గిరిలోని ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా జరుగుతున్నదే. బొల్లారంలో మూతబడ్డ ఒక బడి నుంచి కొన్న బల్ల అది. దానిమీద అబద్ధం నిలవదు, రాసిన కాసేపటికే పొడిపొడిగా రాలిపోతుంది. కాలనీలో ఎవరికీ ఇదేం వింత కాదు. పాలు పోసే వీరయ్య "నీళ్లు కలపలే" అని రాసి, అంగీ దులుపుకుంటూ పోయిన సంగతి అందరికీ తెలుసు. కాంతమణి బాధంతా ఊడవడం గురించే.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన సారు మాత్రం దానితో క్వాంటం సిద్ధాంతాన్ని పరీక్షించాడు. "ఎలక్ట్రాన్ ఇక్కడుంది" అని రాస్తే రాలింది. "ఇక్కడ లేదు" అన్నా రాలింది. "ఉండొచ్చు" అని రాస్తే మూడు వానాకాలాలు నిలిచింది. ఎంత సంబరపడ్డాడో ఆ రోజుల్లో! సృష్టే ఉండొచ్చు అంటుంటే గట్టిగా చెప్పడానికి మనమెవరం అనేవాడు. క్లాసులో అదే మాట, చర్చిలో సాక్ష్యం చెప్పినా అదే మాట.

ఇప్పుడు కాలేజీవాళ్లు, ఆయనకు పేరు తెచ్చిన ఎలక్ట్రాన్ కొలతకు గుర్తుగా, ప్రయోగశాలకు ఆయన పేరు పెడుతున్నారు. శిలాఫలకం మీద చెక్కించాల్సిన వాక్యం పంపారు. అలవాటు కొద్దీ ముందు బల్లమీద రాసి చూశాడు. "1971లో ఆ కొలత మొదట తీసినది దేవానందం." రాలిపోయింది. జీవితమంతా నమ్ముకున్న మాట ఉందిగా, "తీసి ఉండొచ్చు" అని రాశాడు. అది ఇంకా తొందరగా రాలింది.

కాంతమణి చీపురు ఆపింది. "మీ ఉండొచ్చులన్నీ చూడకముందు కదండీ. ఒకరు కళ్లారా చూశాక ఇంకేం ఉండొచ్చు?"

సారు సుద్దముక్క కింద పెట్టేశాడు. ఆ కొలత మొదట చూసింది స్వర్ణలత, ఆయన దగ్గర ఎమ్మెస్సీ చదివిన పిల్ల. రీడింగు సిరాతోనే రాయాలి, కొట్టెయ్యకూడదు అని నేర్పింది ఆయనే. ఎవరూ ఊహించని అంకె ఆమె రాస్తే, నీకు చూడటం రాదని తిట్టి తనే కొట్టేశాడు. ఆమె ఆ నెలలోనే చదువు మానేసి రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేరింది. ఆ ఏడాది చివర్లోనే అదే అంకె ఆయనకూ కనబడింది. తన ఒక్కడి పేరుతోనే అచ్చు వేయించుకున్నాడు. ఆమెకు చెప్పలేదు. ఇన్నాళ్లకు సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

ఆ పొద్దున్నే ఆటో ఎక్కి ఆమె ఉండే మౌలాలి పోయి, ఉన్నదంతా చెప్పి, డెబ్బై అయిదేళ్ల స్వర్ణలతను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు.

"యాభై ఏండ్ల సంది నా కండ్లను నేనే నమ్మలే సార్. కూరగాయల తూకం సుత పక్కామెనే చూడమంటుంటి," అంది.

సారు సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమె రాసింది: "నేను సరిగ్గనే చూసిన."

కాంతమణి చీపురు పట్టుకుని నిలబడింది. ముగ్గురి చాయ్‌లూ చల్లారిపోయాయి. ఒక్క రవ్వ కూడా రాలలేదు.

సారు కాలేజీవాళ్ల కాగితం మీద తన పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు. స్వర్ణలత కళ్లజోడు సవరించుకుని, కాగితం ఆయన చేతిలోంచి తీసుకుంది.

"రాయి మీద సరిగ్గ చెక్కిన్రో లేదో నేనే పోయి చూస్త సార్."