నాలుగించీల కప్లర్

చినరావిపాడు పంచాయతీకి ప్రెసిడెంటు కోటిరత్నం. ఎన్నికల్లో గెలిచింది ఆమె, ప్రమాణం చేసింది ఆమె. ఊరంతా ప్రెసిడెంటు గారూ అని పిలిచేది మాత్రం ఆమె భర్త బుల్లయ్యని. పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఎక్కేదీ ఆయనే. కాగితాలు ఇంటికొచ్చేవి. కల్లంలో మిరపకాయల తాలు ఏరుతున్న కోటిరత్నం చేతులు కడుక్కుని, ఆయన వేలు పెట్టిన చోట సంతకం చేసేది.

ఊరికి రెండు కిలోమీటర్ల అవతలున్న ట్యాంకు నుంచి మంచినీళ్ల లైను రావాలి. పాత పైపు ఏటా పత్తి ట్రాక్టర్ల కింద పగిలిపోతుంటే, ఈసారి నల్ల ప్లాస్టిక్ పైపులు వచ్చాయి. వాటికి జిగురు పనికిరాదు. రెండు పైపుల చివరలూ కప్లర్ అనే మందపాటి ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చి, దాని లోపలి తీగకి కరెంటిస్తే, అంతా కరిగి ఒకటే ముక్కవుతుంది. ఆ కప్లర్లు ఏవి కొనాలో పంచాయతీ తేల్చాలి.

పైపులు అతికే పనికి మహిమ వచ్చింది. ఆ ఊరి దానయ్య కూతురే. విజయవాడలో పని నేర్చుకుని, రెండేళ్లు గ్యాస్ లైన్ల మీద చేసింది. ఇద్దరు డీలర్లు పంపిన నమూనాలు చూసి, చిన్నది తీసి పక్కన పెట్టింది.

"ఇది చాలండి. పైపు మీద నూటపది మిల్లీమీటర్లని రాసుంది, దీని మీదా అదే ఉంది. రెండూ ఒకే రకం ప్లాస్టిక్. పదహారు కేజీల ప్రెషర్ తట్టుకుంటుంది. ఆ పెద్దది వేరే కొలత. మన పైపుకి వదులవుతుంది."

అంత తొందరగా తేలిపోతే పంచాయతీ ఎందుకని బుల్లయ్యకి తోచింది. వెంటనే కమిటీ వేశాడు. తను అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు సంజీవరావు సాంకేతిక సలహాదారు. సంజీవరావు నలభై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాడు.

సంజీవరావు మిరపకాయల కాటా తెప్పించి రెండు కప్లర్లనీ తూచాడు. పెద్దది రెండొందల గ్రాములు ఎక్కువ తూగింది.

"బరువే బలం," అన్నాడు. "పైగా దీనిమీద నాలుగించీలని ఉంది. మన పైపుని ఊళ్లో ఏమంటారు? నాలుగించీల పైపనే కదా."

"అనడానికి అంటారండి," అంది మహిమ. "పైపు బయటి కొలత నూటపది. ఇది ఇనప పైపుల లెక్కలో నాలుగించీలు, అంటే నూటపద్నాలుగు. మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల సందుంటే కరిగిన ప్లాస్టిక్ అంటుకోదు."

"నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతమ్మా, గోరంత కూడా ఉండదు," అన్నాడు బుల్లయ్య. కమిటీ ఏకగ్రీవంగా పెద్దదాన్ని ఎన్నుకుంది.

నలభై కప్లర్లూ మూసిన కవర్లలో వచ్చాయి. అతికే నిమిషం వరకూ కవరు విప్పకూడదని, లోపల చెయ్యి తగిలినా, దుమ్ము పడినా అతుకు నిలవదని మహిమ చెప్పింది. కవర్లలో ఏముందో ప్రజలకి తెలియాలని బుల్లయ్య అన్నీ విప్పించాడు. ఊళ్లోవాళ్లు వరసగా వచ్చి వేళ్లు పెట్టి చూశారు. మిరపకాయల కోతలు జరుగుతున్నాయి కాబట్టి ప్రతి వేలికీ ఎర్రటి కారం ఉంది. తర్వాత ఒక్కోదానికీ పసుపు పూసి బొట్టు పెట్టారు. దానయ్య కూడా ప్రార్థన చేశాడు గానీ, కూతురి ముఖం చూసి దూరంగా నిలబడే చేశాడు.

"పూడ్చేముందు ఒక్క అతుకు పరీక్ష చేద్దామండి," అంది మహిమ. మొదటిసారి ఆమె మాట చెల్లింది. పరీక్షంటే సభ అవుతుందని బుల్లయ్యకి తోచింది మరి.

ఆమె పెద్ద కప్లర్‌తో రెండు ముక్కలు కలిపి, చివరలు మూసి ఉంచింది. మర్నాడు ఉదయం షామియానా వేశారు. కమిటీ ముందు వరసలో కూర్చుంది. కోటిరత్నాన్ని కూడా ఫోటో కోసం పిలిపించారు. మహిమ నీళ్లు నింపి, కుర్చీలు వెనక్కి జరపమని రెండుసార్లు చెప్పి, చేతిపంపుతో ఒత్తిడి పెంచింది. మీటరు ముల్లు మూడు కేజీల దగ్గరికి వచ్చేసరికి పైపు కప్లర్‌లోంచి ఊడి, నీళ్లన్నీ ముందు వరస మీద పడ్డాయి. పసుపు కలిసిన నీళ్లు కావడంతో అధ్యక్షుడి తెల్లచొక్కా పెళ్లికొడుకు చొక్కాలా తయారైంది.

సంజీవరావు కళ్లద్దాలు తుడుచుకుని నివేదిక రాశాడు. కప్లర్ మంచిదేననీ, నీళ్లే అవసరానికి మించి నెట్టాయనీ, ఇకమీద తక్కువ ఒత్తిడితో వదలాలనీ అందులో తేల్చాడు. బుల్లయ్య దాన్ని భార్య ముందు పెట్టి, కింద ఖాళీ చోట వేలు పెట్టాడు.

కోటిరత్నం పెన్ను తీసుకుని, మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టింది. అలా ఎప్పుడూ చదవలేదు. బుల్లయ్య వేలు అక్కడే ఉండిపోయింది.

"ఏవండీ, వేలు తీయండి, కనపడట్లేదు," అంది. చదవడం అయ్యాక మహిమని పిలిచింది. "ఇందాక ఊడింది నేను కళ్లారా చూశాను. చిన్నది ఎందుకు మంచిదో మళ్లీ చెప్పమ్మా, నాకు అర్థమయ్యేలాగా."

మహిమ పైపు మీది అంకెలూ కప్లర్ మీది అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఎంత కరెంటివ్వాలో అతికే మిషను చదువుకునే బార్‌కోడ్ గీతల చీటీ కూడా చూపించింది. చిన్న కప్లర్‌ని పైపుకి తొడిగితే బిగువుగా కూర్చుంది. పెద్దది గాజులా తిరిగింది.

"ఇది జాకెట్టు కొలత లాంటిదే," అంది కోటిరత్నం. "గుడ్డ ఎక్కువైతే బలమొస్తుందా?" నివేదిక పక్కన పెట్టి, పెద్దవి వాపసు పంపమని రాసి సంతకం చేసింది. కొత్తవి వచ్చాక తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

మొదటి అతుకు పొదిలి రోడ్డు పక్కన కందకంలో వేశారు. మహిమ పైపు పైపొర గీకి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, కప్లర్ తొడిగి కరెంటిచ్చింది. మిషను ఆగగానే బుల్లయ్య కందకంలోకి దిగి, పైపు మీద కాలు వేసి, ఫోటో తీయమన్నాడు.

"కదలకండి," అంది మహిమ. "చల్లారేదాకా పైపు కదలకూడదు. ఇప్పుడు కాలు తీసినా కదులుతుంది. ఇరవై నిమిషాలండి."

బుల్లయ్య భార్య వైపు చూశాడు.

"ఆ పిల్ల చెప్పిందిగా, ఉండండి," అంది కోటిరత్నం.

ఎండలో, ఒంటికాలి మీద బరువాపుకుని, ఆయన ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. మిరపకోతకి వెళ్లే కూలీలు ఆగి చూసి, నమస్కారం పెట్టి వెళ్లారు. ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ అతుకు బ్రహ్మాండంగా నిలబడింది.

తొమ్మిదో రోజు లైనులో ఒత్తిడి పెట్టి చూశారు. ఎక్కడా చుక్క కారలేదు. బుధవారం పొద్దున కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు వచ్చాయి. కోటిరత్నం దోసిట పట్టి తాగి చూసింది.

"ఇంకా కొత్త ప్లాస్టిక్ వాసన పోలేదు," అంది. "ఇంకో గంట వదిలేసి, అప్పుడు బిందెలు పెట్టండి."