పంది లేని వేట

బాలమణికి మతి చెడిందని, పంది లేకుండానే పందివేటకు ఆడవాళ్లను తిప్పుతోందని యాదవ్వ అన్నదట. అన్నది బాలమణితో కాదు. యాదవ్వ జాకెట్టు కొలతలిద్దామని చర్చి గేటుకు ఎదురుగా ఉన్న నవోమి టైలర్ షాపుకు పోయి, అక్కడ అన్నది. నవోమి ఆ మాటకు తన వంతు ఇంత అంచు కుట్టి బాలమణికి అప్పజెప్పింది.

"ఇంకేమన్నది?" అడిగింది బాలమణి.

"నెలనెలా పిలుస్తదట, తిప్పుతదట, బూందీ పొట్లం చేతుల పెట్టి తోలేస్తదట. పెండ్లి కాకుండనే పెండ్లిబువ్వ పెట్టినట్టున్నదట. నేను అంటలేనక్కా, ఆమె అన్నది."

బాలమణికి కోపం రాలేదు. పిలుస్తున్న మాట నిజమే. పిలిస్తే ఎందుకు రావడం లేదన్నదే ఆమెకు అంతుబట్టడం లేదు.

మెదక్ ఊరి చివర, అడవి వైపు పోయే రోడ్డు పక్కన వాళ్ల కాలనీ. అక్కడున్నవన్నీ ఒకప్పటి వేట ఇళ్లు. తాతలు వలలు కట్టి అడవిపందులను పట్టినవాళ్లు. ఇప్పుడు వల కడితే కేసు. మక్కకంకి పాలు పోసుకునే రోజుల్లో పందులు మందలుగా చేన్లమీద పడితే, పైనుంచి పర్మిషన్ వచ్చాకే తుపాకీ పేలాలి. ఆ తుపాకీ మహతిది. కౌడిపల్లి దగ్గరి రైతుబిడ్డ. కాలేజీలో ఉండగా షూటింగ్ నేర్చుకుంది. ఈ చుట్టుపక్కల పందిని కాల్చే పర్మిషనున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. పందిని తుపాకీ ముందుకు తోలడానికి మొదట్లో మగవాళ్లనే పెట్టుకుంది కానీ, వాళ్లు పంది కనిపించగానే తుపాకీ కన్నా ముందు ఉరికేవాళ్లు. దాంతో ఆడవాళ్లను పిలిచింది. బాలమణి, యాదవ్వ, ఇంకా కాలనీ అంతా రేకుడబ్బాలు కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ తోలేవాళ్లు. చచ్చిన పందిని ఫారెస్టువాళ్లు గుంత తీసి, మీద కిరసనాయిలు పోసి పాతిపెట్టేవాళ్లు. ఆ నాలుగు రోజులు ఒక్కరూ ఇంటిపట్టున ఉండేవాళ్లు కాదు.

బాలమణి బెంగ మిగతా ఏడాది గురించి. పందుల కోసమని కొందరు రాత్రిపూట స్తంభానికి కొక్కెం వేసి, చేను చుట్టూ కరెంటు తీగ తిప్పుతారు. కిందటేడు పొద్దు పొడవకముందే చేనుకు పోయిన ఆమె భర్త రాంచందర్ అట్లాంటి తీగకే తగిలాడు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు. జనం వచ్చి చూసేసరికి అక్కడ తీగ లేదు. ఎవరిదో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ చేనుకు రోజూ పోయేది బాలమణే. గట్టుమీద ఆమె కళ్లకన్నా ముందు కాళ్లు వెతుక్కుంటాయి. ఇంకొక తీగ తన కాలికి తగిలితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే, పందిని తోలే ఆడవాళ్లే పన్నెండు నెలలూ గట్ల వెంట తిరిగి తీగలు, ఉచ్చులు ఏరిపారేయాలని పట్టుబట్టింది. "గుంపు నిలబడితే నేను నెలనెలా వస్తనక్కా" అన్నది మహతి.

మొదటి నెల అందరూ వచ్చారు. రెండు ఉచ్చులు తెంపారు. నవోమి షాపు అరుగుమీద బాలమణి అందరికీ సమానంగా బూందీ పొట్లాలు పంచింది. నవ్వుకుంటూ పోయారు. రెండో నెల సగమే వచ్చారు. మూడో నెల నవోమి ఒక్కతే వచ్చింది. ఆమెది వేట ఇల్లు కాదు, పుట్టి బుద్ధెరిగాక కోడిని కూడా తరిమింది లేదు.

బాలమణి వారం మార్చి చూసింది. బూందీ నచ్చలేదేమోనని మిర్చిబజ్జీలు పెడతానన్నది. వాట్సప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. అందరూ విన్నట్టు నీలం గీతలు పడ్డాయి, మనిషి మాత్రం రాలేదు. ఇంటికి పోయి అడిగితే ఎవరూ కసరలేదు, చాయ్ పోశారు.

"అయిపాయె గదక్కా" అన్నది ఒకామె.

"ఏమయిపాయెనే?"

"అదే... అయిపాయె గదా. మల్ల పిలుస్తే వస్తం."

"ఇప్పుడు పిలుస్తనే ఉన్న గదా!"

"గిట్ల కాదు."

మరి ఎట్లా? అది ఆమెకూ తెలియదు. అడిగిన కొద్దీ ఆమే తికమకపడి, ఇంకొంచెం చాయ్ పోసింది.

నవోమి తన చర్చి ఆడవాళ్ల గురించి చెప్పింది. "మేము వారం వారం కలుస్తం. పొట్లాలు ఏం ఉండయి. మేమే ఇంటినుంచి పిడికెడు బియ్యం తీసుకపోతం."

"ఇస్తే రాకుండ, అడిగితే వస్తరా?" బాలమణి తల పట్టుకుంది. "మనుషులు ఇట్ల కూడ ఉంటరా?"

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ ఇదంతా భర్తకు చెప్పింది. రాంచందర్ ఎడమచేత్తో ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగి, పకపకా నవ్వాడు.

"పోగులు పంచి, రాలేదంటవేందే?"

"పోగులేంది? అది బూందీ."

"ఏదైతేంది. తిరిగొచ్చినంక అందరికి సమానంగ చేతుల పెడితివా, లేదా? మా తాత వేటమాంసం పోగులు పంచిండంటే వల మడతపెట్టినట్టే. గుంపు ఇడిచినట్టే. మల్ల పోవాల్నంటే వల పట్టుకొని ఇల్లిల్లు తిరగాలె, ఒక్కొక్కరితోని వల ముట్టించాలె."

"గదంత ఇప్పుడెవరికి యాదికున్నది?"

"మనుషులకు లేదు. వాండ్ల కాళ్లకున్నది."

"మరి పందిని తోలెటప్పుడు రోజూ వస్తరు గదా?"

"ఆ పందిని పాతిపెడ్తరు. పోగు ఎవ్వరి చేతికి రాదు. రాకపోతే వేట అయిపోనట్టేనాయె."

నమ్మాలో వద్దో బాలమణికి తెలియలేదు. తనూ ఆ ఇళ్లల్లో పుట్టిందే. పోగు అందుకుని ఇంటికి ఉరికిన పిల్లే. తన చేతులతోనే గుంపును నెలనెలా విడగొట్టిందా? లేక ఈ మనిషి పనిలేక కూర్చుని కతలల్లుతున్నాడా? అటకమీది పాత వల దించింది. ఎలుకలు కొట్టగా మిగిలిన ముక్కను చంకన పెట్టుకుని ఇల్లిల్లు తిరిగింది. చెయ్యి వేయమంటే కొందరు నవ్వుతూ వేశారు, కొందరు కళ్లకద్దుకుని వేశారు. యాదవ్వ మాత్రం "నీకు నిజంగనే మతి చెడ్డది పిల్లా" అంటూనే వేసింది.

ఆదివారం మహతితో సహా అందరూ వచ్చారు. ఎందుకు వచ్చారో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఎక్కడ పోతారోనని ఊరుకుంది.

గట్ల వెంట తిరిగారు. ఉచ్చులు కనిపించలేదు. బాలమణి చేనుకు రెండు గట్ల అవతల కొత్తగా పాతిన కర్రగూటాలు మాత్రం వరసగా కనిపించాయి. తీగ లేదు. గూటానికి తీగ రాసుకున్న గీత ఉంది. బాలమణి దాని ముందు కూర్చుని ఆ గీతను వేలితో తడిమింది. మిగతావాళ్లు గూటాలు పీకి పారేశారు.

షాపు అరుగుమీదికి చేరగానే మహతి కారులోంచి మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి మూత తీసింది. బాలమణి ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"పంచకుండ్రి మహతమ్మా!"

"ఏమైందక్కా? నెయ్యితోని చేసిందే."

"నెయ్యి కాదు... ఇయ్యాల పోగులు లేవు. ఏడాదంత లేవు. గుంపు ఇడువలేదు."

మహతి డబ్బా వైపు, బాలమణి వైపు మార్చి మార్చి చూసింది. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సగం మంది కూర్చుండిపోయారు, సగం మంది పోవాలా ఉండాలా తెలియక మెట్లమీద నిలబడ్డారు.

"ఒక్క ముక్క నోట్లెయ్యనీయవా?" ఎవరో గొణిగారు.

"సరే, మరి మళ్ల ఎటు దిక్కు పోదాం?" అన్నది మహతి, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "చెరువు దిక్కా, అడవి దిక్కా?"

యాదవ్వ కొంగు విదిలించి నడుముకు దోపుకుంది.

"అడవిల ఏమున్నదమ్మా, గూటాలున్నయి. తీగ పగటిపూట ఇంట్ల ఉంటది, మన మొగోండ్ల మంచాల కింద. ముందుగాల ఎవరింట్లకు పోదామో గది చెప్పుండ్రి."