సబ్బునీళ్ల కుర్చీ

ఆ కుర్చీకి శనివారం శనివారం స్నానం. పాతపట్నం రోడ్డులో ఉన్న కుష్టు ఆసుపత్రి డాక్టరమ్మ స్వయంగా, గోరువెచ్చని నీళ్లలో సబ్బు గిలక్కొట్టి, మెత్తటి గుడ్డతో దాన్ని తుడిచేది. ఆవిడది డెన్మార్కు. పేరు కిర్‌స్టెన్, వార్డుల్లో అందరికీ కిష్టమ్మగారు. కుర్చీ కూడా ఆ దేశం నుంచే ఓడలో విశాఖపట్నం దాకా, అక్కణ్ణించి లారీలో వచ్చింది.

"మనుసులకే నీళ్లు నేవు, కుర్సీకి తలంటట," అని రోగులు నవ్వుకునేవారు.

ఆ రోగుల్లో అసిరయ్య ఒక్కడే నవ్వలేదు. శ్రీముఖలింగం పక్క పల్లెలో ముప్ఫై ఏళ్లు నాగళ్లూ, బండి చక్రాలూ, ద్వారబంధాలూ చేసిన వడ్రంగి అతను. చూసిన మొదటిరోజే కుర్చీ కింద దూరి వెతికాడు. ఒక్క మేకు లేదు. నగిషీ లేదు. వార్నీషు లేదు, ఆ సబ్బే దానికి మెరుగు. ఉత్త టేకు. కాలు వచ్చి చేతిలో ఎక్కడ కలిసిందో, చెయ్యి వీపులోకి ఎక్కడ తిరిగిందో, చెట్టుకి అలాగే పెరిగినట్టుంది గాని చేసినట్టు లేదు. కూర్చునే చోట మెలేసిన కాగితపు తాడుతో నులకమంచంలా అల్లారు.

"పువ్వు నేదు, తీగ నేదు. ఇందులో పనోడి పనేటి?" అంది భార్య జగ్గమ్మ.

"తప్పు దాసుకోడానికి సోటు నేదే. అదే పని."

ఆ రోజుల్లో అతను అంతకు మించి మాట్లాడేవాడు కాదు. మందుబిళ్లలతో రోగం ఆగింది. కుడి అరచెయ్యి, బొటనవేలు మాత్రం మొద్దుబారిపోయాయి. ఆ స్పర్శ ఇక తిరిగి రాదని కిష్టమ్మగారే చెప్పింది. విన్నాడు. ఏడుపు రాలేదు. భోజనం గంట కొడితే వెళ్లి తిన్నాడు.

అరవై ఎనిమిది వేసవిలో వరండాకి సున్నం వేస్తూ ఎవరో కుర్చీని జరపబోయి మెట్ల మీంచి జార్చేశారు. కుర్చీ ఎడమచెయ్యి రెండు ముక్కలైంది. కిష్టమ్మగారు అసిరయ్యని పిలిపించింది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఆవిడది. చీపురు పట్టినవాణ్ణి కూడా మీరనే అనేది.

"మీరు దీనికి కొత్త చెయ్యి చేయగలరా? చేసినచో ఇచట వడ్రంగి షెడ్డు మీకే. మంచములు, చంకకర్రలు చేయవలెను."

కాంపౌండరు గణపతిరావు అడ్డుపడ్డాడు. "స్పర్శ లేని చేతికి ఉలి ఇస్తే వేళ్లు మిగలవమ్మా. తాళ్లు పేనే షెడ్డుకి పంపేద్దాం."

ఆవిడ షరతు పెట్టింది. "గాయము కాకుండా చేసినచో ఉలి. గాయమైనచో తాళ్లు."

ఊళ్లో అతను చేసిన నాగలి పట్టేవాళ్లు ఇక లేరు. ఈ షెడ్డు కూడా పోతే వడ్రంగి అసిరయ్య అన్న మాటలో అసిరయ్యే మిగులుతాడు.

పదకొండు రోజులు పట్టింది. పాత టేకు దూలం ముక్క తెచ్చి చెక్కాడు. నునుపు చూడ్డానికి అరచెయ్యి పనికిరాలేదు. కళ్లతో చూస్తే కళ్లు అబద్ధమాడాయి. అప్పుడు చెంప ఆనించాడు. ఆ తరవాత కింది పెదవి. పెదవికి నూగు కూడా తెలిసింది.

"ఏటి బావా, కర్రని ముద్దులెట్టుకుంతన్నావు? అప్ప సూస్తే?" అన్నాడు పక్క మంచం పోతురాజు.

"సూసీసినాను. అలవాటైపోనాది," అంది జగ్గమ్మ.

అన్నిటికీ జాగ్రత్తపడ్డాడు, ఒక్కదానికి తప్ప. ఉలి నూరగానే పదును బొటనవేలి మీద చూసుకోవడం వడ్రంగికి ఊపిరి తీసుకోవడం లాంటిది. చివరి రోజు ఎన్నిసార్లు నూరాడో, ఎన్నిసార్లు వేలికి ఆనించాడో. పనైపోయాక కొత్త చెయ్యిని తిరగేసి చూస్తే, అడుగున పట్టుకున్నచోట నెత్తుటి మరక. అప్పుడు వేలు చూసుకున్నాడు. లోతుగానే తెగింది.

వార్నీషు ఉన్న కర్రయితే తడిగుడ్డకి పోయేది. ఇది ఉత్త కర్ర, తాగేసింది. సబ్బునీళ్లతో తోమినా పోలేదు. ఇంకో పొర చిత్రిక పడితే కొలత పోతుంది. కొత్త చెయ్యి కుర్చీకి బిగించి, వేలికి గుడ్డ చుట్టుకుని, తన చెయ్యి తువ్వాల్లో దాచి, కుర్చీ జగ్గమ్మ చేత మోయించి తీసుకెళ్లాడు.

కిష్టమ్మగారు కళ్లు మూసుకుని కుర్చీ రెండు చేతులూ నిమిరింది. మళ్లీ నిమిరింది.

"ఏది మా దేశముదో నాకు తెలియలేదు," అంది. తరవాత కళ్లు తెరిచి, కుర్చీ వంచి, అడుగు చూసింది. "మీ చెయ్యి చూపండి."

చూపించాడు. ఆవిడ కడిగి కట్టు కట్టింది. అసిరయ్య తాళ్ల షెడ్డు వైపు చూశాడు. బాధ వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు.

కట్టు కట్టేటప్పుడు ఆ కోతని వంగి చూసిన గణపతిరావే అడ్డుపడ్డాడు. "ఇది చెక్కుతుంటే తెగింది కాదమ్మా. పదును చూసుకుంటుంటే తెగింది. ఆ ఒక్కటీ ఎవరైనా చూసిపెడితే..."

"రోజుకి పదిసార్లు నూరాల. ఎవురు సూస్తారు బాబూ?" అన్నాడు అసిరయ్య.

"నాను సూస్తాను," అంది జగ్గమ్మ.

వాళ్లింట ఆడవాళ్లు ఉలి ముట్టరు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె ఆ పనిముట్ల సంచీని దాటి కూడా ఎరగదు.

"నువ్వు ముట్టకూడదే."

"ఈ రోగం మాత్రం నీకు రావొచ్చేటి? వచ్చింది గదా. ఇదీ అంతే."

కిష్టమ్మగారు ఇద్దర్నీ చూసింది. "ఆమె పక్కన ఉన్నంతవరకు షెడ్డు మీది," అంది.

మర్నాడు పొద్దున్న అసిరయ్య ఉలి నూరి, తలొంచుకుని భార్యకి అందించాడు. ఆమె కొంచెం గట్టిగానే వేలు ఆనించి, చటుక్కున వెనక్కి తీసింది.

"సుర్రుమన్నాది. పదునుంది, పట్టు."

ఆమె వేలి మీద చిన్న నెత్తురు బొట్టు. అతను దాన్నే చూశాడు. సుర్రుమనడం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఏదీ రాలేదు. ఉలి అందుకుని, మొదటి చంకకర్రకి గీత గీసుకున్నాడు.