చారల చీర, గళ్ల చొక్కా

నేను ఒక డబ్బా టీవీని. ప్రతి బొమ్మనూ రెండు విడతలుగా వేస్తాను. ముందు ఒకటి, మూడు, ఐదు గీతలు. తర్వాత మధ్యలో వదిలేసిన రెండు, నాలుగు, ఆరు. సెకనుకు యాభై విడతలు. మనుషుల కంటికి అంతా ఒకేసారి గీసినట్టుంటుంది. అందుకే నన్ను నమ్ముతారు.

ఒంగోలు లాడ్జిలో ఐదేళ్లు పనిచేశాను. అది మూతపడ్డాక జాండ్రపేటలో పున్నారావు వసారాకు చేరాను. పదహారు మగ్గాలకు నిలువు పోగుల పడుగులిచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఆయన. సాయంత్రం వార్తలకు నేతగాళ్లు, వాళ్ల ఆడవాళ్లు అక్కడ చేరేవారు.

ఒకనాడు వార్తలు చదివే అమ్మాయి కోటిలింగం నేసిన చీర కట్టుకుని వచ్చింది. అడ్డంగా నేసే పేకలో ఆరు పోగులు నలుపు, ఆరు పోగులు తెలుపు, పైటంతా అడ్డచారలు. కోటిలింగం భార్య అంకమ్మ ముందుగా గుర్తుపట్టింది. అందరూ దగ్గరికి జరిగారు. అమ్మాయి కదలడం లేదు. చారలు వణుకుతున్నాయి.

తప్పు నాది. చార నా ఒక్క గీతంత సన్నగా ఉంటే, అది ఒక విడతలో కనపడి మరో విడతలో మాయమవుతుంది. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న నోరు వార్తలకు ఇచ్చాను.

"పేక జారిపోతోంది కదరా," అన్నాడు పున్నారావు కోటిలింగంతో. "రాష్ట్రమంతా చూస్తోంది. ఇక నీకు పడుగు ఇవ్వను."

"గట్టిగా కొట్టే నేశానండీ."

"నీ మాట నమ్మాలా, టీవీలో కనపడేది నమ్మాలా?"

పడుగు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. కోటిలింగానికి మరో పని రాదు. మర్నాడు కేబుల్ సైదులు వైరు సరిచేయడానికి వస్తే, చారలెందుకు వణికాయని అడిగాడు. అంకమ్మ కూడా వింటుండగా సైదులు నా విడతల సంగతి చెప్పాడు.

"ఇదీ మగ్గమేనయ్యా," అన్నాడు కోటిలింగం. "ఓ కాలు తొక్కితే బేసి పోగులు లేస్తాయి, రెండో కాలికి సరి పోగులు. మేం రెంటినీ కలిపి బిగిస్తాం. ఇది బిగించదు."

నన్ను తయారుచేసినవాళ్లు ఇదే సంగతికి ఒక పుస్తకం అచ్చేశారు.

షావుకారు మాత్రం వినలేదు. "నీ పోగు తప్పితే నా టీవీ మీద పెడతావా?" అన్నాడు.

ఆ వారంలోనే చేనేత గొప్పతనం గురించి మాట్లాడమని ఊరి కేబుల్ చానల్ వాళ్లు పున్నారావును పిలిచారు. ఏ చొక్కా వేసుకోవాలో ఆయనకు తెగలేదు.

"ఆ సన్నగళ్లది వేసుకోండన్నయ్యగారూ," అంది అంకమ్మ. "కెమెరాకు నిండుగా ఉంటుంది."

అది మిల్లు గుడ్డ. అది తొడుక్కునే చేనేత గురించి పావుగంట మాట్లాడాడు. సాయంత్రం ఆ కార్యక్రమం చూడ్డానికి వీధంతా వసారాకు వచ్చింది. తెర మీద ఆయన ముఖం నిలకడగా ఉంది. పొట్ట మీద గళ్లు మాత్రం చీమల బారులా పాకుతున్నాయి.

"అయ్యో, మీ చొక్కాకూ పేక జారిందే," అంది అంకమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వసారా అంతా నవ్వింది.

"చొక్కాకేం కాలేదు," అన్నాడు పున్నారావు. "ఈ డబ్బాదే తప్పు. మొదట్నించీ నాకు అనుమానమే."

"మరి మా చీరో?"

"చీరకేమైందమ్మా? బాగాలేదని ఎవరన్నారు?"



మర్నాడు పొద్దున్నే కోటిలింగం రిక్షాలో పడుగు ఎక్కించారు. పాడైన టీవీ వసారాలో ఎందుకని, దాని పక్కన నన్నూ ఎక్కించారు. ఇప్పుడు మగ్గం గదిలో గోడవారగా ఉన్నాను. నాకు కరెంటు ఇవ్వరు. ఇన్నేళ్లలో నేను ఒకరికి చేసిన మేలు ఇదొక్కటే. అది కూడా నిజం చూపించి చేయలేదు. చేసిన తప్పే రెండోసారి చేసి చేశాను.