అంచులు కోసిన పుస్తకాలు

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని అత్తవారింట్లో అందరూ అనేవారు. టపాకాయ అని పేరు కూడా పెట్టారు. నిప్పు పెట్టేవాళ్లకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు. లోకం తీరే అంత!

మందుల షాపులో ఆమెది కౌంటరు మీద ఉద్యోగం. పొద్దున్నుంచీ డాక్టర్ల కోడిగీతలు చదవడం, "ఇది తినకముందా, తిన్నాకా?" అని ఒకే ప్రశ్న వందమంది అడిగితే వందమందికీ జవాబు చెప్పడం. ఆ షాపు వెనక వీధిలో పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఉన్నాడు. ఈ మధ్య ఆయన దగ్గర ఆమె అయిదు పుస్తకాలు కొంది. ఒకటి భూకంపాల మీద, ఒకటి తేనెటీగల పెంపకం మీద, ఒకటేమో ఇల్లాలు ఎలా నడుచుకోవాలో ఎవరో పెద్దమనిషి చేసిన హితబోధ. మిగతా రెండూ కన్నీటి నవలలు.

భూకంపాలతో ఆమెకేం పని? తేనెటీగ కనిపిస్తే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. "ఏం చూసి ఏరుకుంటున్నావమ్మా?" అని ముసలాయన అడగనే అడిగాడు. ఆమె పుస్తకం పేరు చూడలేదు, రాసిందెవరో చూడలేదు. పేజీల అంచులు చూసింది.

ఆ అంచుల నిండా ఎవరో పెన్సిలుతో పోట్లాడారు. అయిదింటిలోనూ ఒకే చేతిరాత. ఆడమనిషేనని ఎక్కడా రాసిలేదు, కానీ ఆమెకు అనుమానమే రాలేదు. నవలలో భార్య మొగుణ్ణి మళ్లీ క్షమించిన చోట "దీనికి వేరే పనేం లేదా?" అని ఉంది. హితబోధలో "ఈ మహానుభావుడు జన్మలో ఒక్క గిన్నె తోమాడా?" అని ఉంది. భూకంపం ముందుగా చెప్పి రాదన్న వాక్యం పక్కన "చెప్పే వస్తుంది. మీరే వినరు" అని ఉంది. అది చదివి ఆమె నడివీధిలో పకపకా నవ్వింది. తనలాంటిది ఇంకొకతి ఈ భూమ్మీద ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నాలు షాపులో జనం పల్చబడ్డాక ఆ పెన్సిలు మాటల కింద నీలం పెన్నుతో జవాబులు రాయడం మొదలుపెట్టింది. "మా ఇంట్లోనూ ఇదే భాగోతం అక్కా" అని మొదలైంది. రానురాను పుస్తకం సంగతి పక్కకుపోయి ఇంటి సంగతులు వచ్చి కూర్చున్నాయి. ఇంట్లో అయితే నోరు తెరవగానే "టపాకాయ పేలిందిరోయ్" అని నవ్వేవాళ్లు. ఈ అక్క నవ్వదు. ఆమె చెప్పుకున్నదంతా చెప్పుకున్నట్టే ఆ అంచుల్లో ఉండిపోయేది.

ఆమె మొగుడు పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి ఊరుకునేది. అతను అన్నీ ఆమె మంచికే చేస్తాడు, ఒక్క మాట అడగకుండా చేస్తాడు. ఆమె పుట్టింటికి వెళ్లొచ్చేలోపు వంటింటికి ఆకుపచ్చ రంగు వేయించింది అతనే. ఆ రంగంటే ఆమెకు గిట్టదని అతనికి ఇవాళ్టికీ తెలియదు.

అంచులన్నీ నిండిపోయాక ఆమె ఆ పుస్తకాలు తెచ్చి ఇంట్లో అలమరలో పెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్ల మీద అయిదు పుస్తకాలూ వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎర్ర రెక్సిను అట్టలు, వీపుల మీద బంగారు అక్షరాలు. అతను పక్కనే చేతులు కట్టుకుని, మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు.

ఆమె ఒకటి తెరిచింది. అచ్చు అక్షరాలు కాగితం చివరిదాకా వచ్చేశాయి. ఇంకోటి తెరిచింది. అదీ అంతే.

"అంచులేవీ?" అంది.

"కోసేశాను. ఎవరో పిచ్చిరాతలన్నీ రాసి పాడుచేశారే. కటింగు మిషన్ మీద మూడు పక్కలా ఒక్క కోత వేస్తే చూడు, కొత్త పెళ్లికూతుళ్లలా లేవూ?"

"కోసిన ముక్కలేవీ?"

"చెత్త కాగితాల వాడు పొద్దున్నే గోనెలో వేసుకుపోయాడు. ఈపాటికి మిల్లులో నానుతుంటాయి. ఎందుకూ?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ ఎర్ర అట్టలన్నీ చించి అతని మొహాన కొట్టాలనిపించింది. తెరిచిన పుస్తకాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. అతను దాన్ని సంతోషమనుకున్నాడు.

"పేజీలు సరిచూస్తూ కొన్ని చదివాన్లే," అన్నాడు హుషారుగా. "పెన్సిలావిడ ఫర్వాలేదు. ఆ నీలం పెన్నావిడ ఉంది చూడూ, అమ్మో! పాపం ఆ మొగుడెవడో గానీ, పూర్వజన్మలో ఏ పాపం చేశాడో."

ఆమె చేతిలో పుస్తకం మూసింది.

"ఏం రాసిందేంటి?"

"ఒకటా రెండా! ఆవిడకి జ్వరమొస్తే మొగుడు డాక్టర్ని తెచ్చాడట, మందులు తెచ్చాడట. ఎలా ఉందని మాత్రం అడగలేదట. చూశావా విడ్డూరం? చేసినా తప్పే!"

"ఇంకా?"

"ఇంకా... ఆవిడ పనిచేసే చోట కొట్టు మొత్తం ఆవిడ చేతికే అప్పగిస్తామన్నారట. ఆ మొగుడు ఆవిడకి చెప్పకుండా వెళ్లి, 'మా ఆవిడకెందుకండీ అంత శ్రమ, వద్దులెండి' అని..."

మాట మెల్లగా నీరసించిపోయింది. ఆ మాటలు తన నోట్లోంచి వచ్చినవే. మందుల షాపు మెట్ల దగ్గర నిలబడి ఓనరుతో తనే అన్నాడు. మంచి పని చేశానని ఆ రోజు దారి పొడుగునా పొంగిపోయాడు కూడా.

"నీకు... నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఓనరే చెప్పాడు. పదహారేళ్లుగా మీకు సరుకుల చీటీ రాసిస్తున్నాను. నా రాత మీకు తెలియలేదు!"

అతను పుస్తకాల వైపు చూశాడు. తెల్లగా, నున్నగా, ఒక్క మరకైనా లేకుండా ఉన్నాయి.

"కొత్త పుస్తకాలు కొనిపెడతానే. నీకు ఏవి కావాలంటే అవి," అన్నాడు.

"నాకక్కర్లేదు." ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "నేను రాసుకున్నది కాగితం మీద ఇక లేదు. చదివింది మీరొక్కరే. కూర్చోండి, మొత్తం చెప్పండి. ఒక్కటి కూడా వదలకుండా."